ముప్పై ఇళ్లకు ఒకటే ముందు గోడ: బాత్ నగరంలోని రాయల్ క్రెసెంట్

(హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ విద్యార్థులు, పాత కట్టడాల మీద ఆసక్తి ఉన్నవారు కలుసుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఎండలో, ఎక్కడో ఉన్న ఒక ఇళ్ల వరస గురించి వినడానికి వచ్చారు. చాలా సంతోషం.

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌కు తూర్పున, ఏవన్ నది ఒడ్డున బాత్ అనే ఊరుంది. నేలలోంచి వేడినీళ్లు ఉబికే ఊరు. రోమన్లు అక్కడ స్నానశాలలు కట్టుకున్నారు. ఎన్నో శతాబ్దాల తర్వాత, 18వ శతాబ్దంలో, ఆ నీళ్లు తాగితే రోగాలు తగ్గుతాయని డబ్బున్నవాళ్లంతా మళ్లీ అక్కడికి రావడం మొదలుపెట్టారు. వైద్యంతో పాటు పేకాట, నాట్యసభలు, పెళ్లి సంబంధాలు కూడా అక్కడే నడిచేవి. సీజన్‌కు వచ్చి నాలుగు నెలలు ఉండిపోయే ఆ జనానికి తమ హోదాకు తగ్గ ఇళ్లు కావాలి. అలా పెరుగుతూ వచ్చిన ఊరి పై అంచున, కొండ వాలు మీద, 1767లో మొదలై 1775 నాటికి పూర్తయిన 30 ఇళ్ల వరసే రాయల్ క్రెసెంట్. క్రెసెంట్ అంటే నెలవంక.

తెర మీద ఈ ఫొటో చూడండి. సగం కోడిగుడ్డు ఆకారంలో వంపు తిరిగిన పొడవాటి రాతి కట్టడం. ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు 500 అడుగులు. ముందు పచ్చగడ్డి మైదానం, దాని దిగువన పార్కు. కింది అంతస్తు సాదాగా ఉంది, పై రెండంతస్తులనూ కలుపుతూ 114 స్తంభాలు నిలబడి ఉన్నాయి. తెలియనివాళ్లకు చూపిస్తే ఎవరో రాజుగారి మహల్ అనుకుంటారు. తలుపులు లెక్కపెడితేనే ఇవి వేరువేరు ఇళ్లని అర్థమవుతుంది.

ఇప్పుడు ఇదే కట్టడాన్ని వెనక నుంచి చూద్దాం. ఒక ఇల్లు ముందుకు పొడుచుకొచ్చింది, పక్కది లోపలికే ఆగిపోయింది. ఒకరి కప్పు ఎత్తు, ఇంకొకరిది పల్లం. కిటికీలు ఎవరి వీలును బట్టి వాళ్లు పెట్టుకున్నారు. ముందు అంత నున్నగా చెక్కిన రాయి వాడినవాళ్లు ఇక్కడ చాలా చోట్ల గరుకు రాళ్లతోనే సరిపెట్టారు. రెండూ ఒకే కట్టడానివంటే నమ్మబుద్ధి కాదు.

చాలామంది పర్యాటకులు ముందు నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు ఆర్కిటెక్చర్ చదువుతున్నవాళ్లు కాబట్టి ఈ రెండు ఫొటోలనూ పక్కపక్కనే పెట్టుకుని ఆలోచించాలి. ముందు అంత ఐకమత్యం ఎలా వచ్చింది? వెనక అంత స్వేచ్ఛ ఎలా మిగిలింది? దీనికి మూలం ఒక లీజు కాగితం అన్నది నా వాదన. స్తంభాల గురించి, రాయి గురించి నేను చెప్పేదంతా చివరికి ఆ కాగితం దగ్గరికే చేరుతుంది.

జాన్ వుడ్ అనే పేరుతో ఇద్దరున్నారు, తండ్రీ కొడుకులు. పెద్ద వుడ్, చిన్న వుడ్ అందాం. పెద్ద వుడ్ బాత్‌లోనే ఒక మేస్త్రీ కొడుకు. 1728లో క్వీన్ స్క్వేర్ అనే ఇళ్ల చతురస్రం మొదలుపెట్టాడు. అక్కడే అతను ఈ పద్ధతిని ఊళ్లో పాదుకొల్పాడు. భూమి కొనే స్తోమత అతనికి లేదు. అందుకని భూస్వామి దగ్గర నేలను దీర్ఘకాలపు లీజుకు తీసుకుని, ముక్కలు చేసి, చిన్న చిన్న బిల్డర్లకు మారు లీజుకు ఇచ్చాడు. లీజులో ఒక షరతు: ముందు గోడ నేను గీసిన గీత ప్రకారమే కట్టాలి. ఎత్తు, కిటికీల వరస, రాయి, అన్నీ నేను చెప్పినట్టే. వెనక మాత్రం మీ ఇష్టం. ఇలా అతను ఇళ్లు తానే కట్టకుండా, కట్టే పెట్టుబడి అంతా ఇతరుల మీద పెట్టి, వీధి మొత్తం తన డిజైన్‌లో తెచ్చుకున్నాడు. క్వీన్ స్క్వేర్ ఉత్తరం వైపు వరసను చూస్తే, మధ్యలో త్రికోణపు శిఖరంతో, ఒక్క పెద్ద మహల్ లాగే కనిపిస్తుంది.

బిల్డర్ వైపు నుంచి కూడా ఆలోచించండి. అతను వడ్రంగో, తాపీ మేస్త్రీనో అయి ఉంటాడు. చేతిలో డబ్బు తక్కువ. ఆ రోజుల్లో ఇలాంటి లీజుల్లో ఇల్లు లేచేదాకా నేల అద్దె నామమాత్రంగా ఉంచడం మామూలే. ఆ లోపు గోడలు లేపి, కప్పు వేసి, కొనేవాణ్ణి చూసుకోవాలి. ఒకరికొకరు పని చేసిపెట్టి చెల్లు పెట్టుకునేవాళ్లు కూడా ఉండేవారు: నీ ఇంటికి నేను తలుపులు చేస్తాను, నా ఇంటికి నువ్వు సున్నం పూయి, అన్నట్టు. ఇంత అప్పుల మీద, ఇంత టెన్షన్‌తో నడిచిన పని. అయినా ముందు గోడ దగ్గర ఎవరూ గీత దాటలేదు. దాటితే లీజు పోతుంది. పైగా పక్కవాడి గోడ మహల్‌లా ఉండి తనది మామూలుగా ఉంటే నష్టపోయేది తానే.

పెద్ద వుడ్ 1754లో సర్కస్ మొదలుపెట్టి అదే ఏడాది చనిపోయాడు. సర్కస్ అంటే గుండ్రంగా 33 ఇళ్ల వరస, మూడు ముక్కలుగా. పాత గ్రీకు స్తంభాల మూడు శైలులూ అక్కడున్నాయి: కింది అంతస్తులో డోరిక్ స్తంభాలు, మధ్యలో అయోనిక్, పైన కొరింథియన్. కొడుకు దాన్ని పూర్తి చేసి, ఆ తర్వాత క్రెసెంట్ చేపట్టాడు. క్రెసెంట్ లేచిన నేల గారర్డ్ అనే భూస్వామి కుటుంబానిది. పద్ధతి మాత్రం నాన్నదే.

సర్కస్ సూర్యుడనీ, క్రెసెంట్ చంద్రుడనీ, ఇదంతా పురాతన డ్రూయిడ్ పూజారుల రహస్య జ్ఞానమనీ గైడ్లు చెబుతుంటారు. పెద్ద వుడ్‌కు అలాంటి నమ్మకాలు ఉన్న మాట నిజం. స్టోన్‌హెంజ్ అనే పురాతన రాతి వలయాన్ని స్వయంగా కొలిచాడు, బాత్ చరిత్రను డ్రూయిడ్లతో ముడిపెట్టి రాశాడు. కానీ క్రెసెంట్ గీసింది కొడుకు. అక్కడి స్థలాన్ని చూస్తే చంద్రుడి అవసరం నాకు కనిపించదు. కొండ దక్షిణానికి వాలుతుంది. ఎదురుగా లోయ, అవతల పచ్చటి కొండలు. చలి దేశంలో దక్షిణపు ఎండ, ఆ దృశ్యం ముప్పై ఇళ్లకూ అందాలంటే వరసను చేతులు చాచినట్టు వంచి, ముందు భాగాన్ని ఖాళీగా వదిలేయడమే దారి. అంతవరకూ ఊళ్లోని చతురస్రాలన్నీ నాలుగు వైపులా ఇళ్లతో లోపలికే చూసేవి. ఈ వరస ఊరికి వీపు పెట్టి పొలాల వైపు చూసింది. ఇంగ్లండ్‌లో తర్వాత వందేళ్ల పాటు ఎన్ని ఊళ్లలో ఈ వంపును అనుకరించారో! డార్బీషైర్‌లోని బక్స్‌టన్‌లో 1780లో మొదలైన క్రెసెంట్ వాటిలో ముందు చెప్పుకోవలసింది.

సర్కస్ నుంచి క్రెసెంట్‌కు నడిచే దారి పేరు బ్రాక్ స్ట్రీట్. కావాలనే దాన్ని సాదాసీదాగా ఉంచారు. ఆ వీధి చివరిదాకా క్రెసెంట్ కనపడదు. మూల తిరగ్గానే మొత్తం ఒక్కసారిగా కళ్ల ముందు పరుచుకుంటుంది. ఆర్కిటెక్ట్‌గా నాకు చిన్న వుడ్ మీద అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఈ వీధే. కట్టడాన్ని గీయడం ఒక ఎత్తు, మనిషిని దాని దగ్గరికి ఎలా నడిపించాలో ఆలోచించడం మరో ఎత్తు.

ముందు గోడ దగ్గరికి వద్దాం. కింది అంతస్తులో అలంకారమే లేదు. చదునుగా చెక్కిన రాళ్లు, సన్నటి అతుకులు. దాన్నే పీఠంగా చేసుకుని పైన అయోనిక్ స్తంభాలు లేస్తాయి. ఒక్కోటి 30 అంగుళాల మందం, కొంత భాగం గోడలో ఇమిడి ఉంటుంది. స్తంభాల నెత్తిన అయిదు అడుగుల లోతున్న రాతి పట్టీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆగకుండా సాగుతుంది. అంతా కలిపి సుమారు 47 అడుగుల ఎత్తు. నాన్న సర్కస్‌లో అంతస్తుకో స్తంభాల వరస పెట్టి నిండా శిల్పాలు చెక్కిస్తే, కొడుకు అవన్నీ తీసేసి ఒకే ఒక్క వరసను రెండంతస్తుల ఎత్తుకు సాగదీశాడు. అంత పొడవైన వంపులో చిన్న చిన్న అలంకారాలు దూరానికి కనపడవు. నీడలు కనపడతాయి. స్తంభం పక్కన నీడ, మళ్లీ స్తంభం, మళ్లీ నీడ. ఎండ మారే కొద్దీ ఆ నీడలు వంపు పొడవునా ఒక్కో చోట ఒక్కో మందంలో పడతాయి. అలంకారం పని అంతా ఆ నీడలే చేస్తాయి.

మధ్యలో ఎక్కడా శిఖరం లేదన్నది గమనించండి. క్వీన్ స్క్వేర్‌లో నాన్న పెట్టిన త్రికోణం ఇక్కడ లేదు. నడిమధ్య ఇంటి దగ్గర స్తంభాలను జంటలుగా పెట్టి ఊరుకున్నాడు. వంపు తిరిగిన గోడకు మధ్య ఎక్కడో కన్ను దానంతటదే పట్టుకుంటుంది, వేరే చెప్పనక్కరలేదు.

ఈ స్తంభాల అభిరుచి మన ఊరికి కూడా వచ్చింది. కోఠీ మహిళా కళాశాలగా మనమంతా ఎరిగిన బ్రిటిష్ రెసిడెన్సీ 1803 ప్రాంతంలో మొదలైంది. ఇటలీ ఆర్కిటెక్ట్ పల్లాడియో దగ్గర మొదలై ఇంగ్లండ్ మీదుగా నడిచిన సంప్రదాయమే దానిదీ. అయితే అక్కడ ఇటుక మీద సున్నం పూసి రాయిలా మెరిపించారు. బాత్‌లో ఉన్నది అసలు రాయి.

ఇక ప్లాను. వంపు లోపలి వైపు ఇంటి ముందు భాగం, బయటి వైపు వెనక భాగం. ఉమ్మడి గోడలు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటూ వెనక్కి వెళ్తాయి. కాబట్టి ఇల్లు వెనక్కి పోయే కొద్దీ కొంచెం వెడల్పవుతుంది. మీరెవరైనా ఇలాంటి ప్లాను గీసి చూడండి. గదిని చచ్చౌకంగా ఉంచాలంటే ఆ మిగులు జాగాను గోడ మందంలోనో, అలమారలోనో, మెట్ల దగ్గరో సర్దాలి. ముప్పై మంది ముప్పై రకాలుగా సర్దుకున్నారు.

ఉమ్మడి గోడల మీద కూడా కాస్త ఆగాలి. చిమ్నీలన్నీ వాటిలోంచే పోతాయి. ప్రతి గదికీ నిప్పుగూడు ఉండేది కాబట్టి, ఒక్కో గోడలో ఎన్నో పొగగొట్టాలు పక్కపక్కన పైకి వెళ్లి కప్పు మీద గుంపుగా తేలతాయి. నిప్పు ఒక ఇంటి నుంచి పక్క ఇంటికి పాకకుండా ఆపేది కూడా ఆ గోడే. అంతస్తులన్నీ కొయ్య దూలాలు, చెక్క పలకలు. అందుకే రాతి గోడ విలువ అంత.

వీధిలో నిలబడితే మీ కాళ్ల కింద నేల అనుకున్నది చాలావరకు పోసి ఎత్తు పెంచినదే. ఇంటికీ వీధికీ మధ్య లోతైన కందకం లాంటి ఖాళీ ఉంటుంది. నేలమాళిగలోని వంటింటికి వెలుతురు, గాలి దాంట్లోంచే అందుతాయి. ఆ ఖాళీకి అవతల, కాలిబాట కింద, కమాను కప్పుల కొట్లు ఉంటాయి. బొగ్గు అందులో. బొగ్గు మోసే మనిషి, చేపలమ్మే మనిషి, పనివాళ్లు ఆ కిందికే దిగి పోతారు. పెద్దమనుషులు వీధి మీదుగా నేరుగా తలుపులోకి నడుస్తారు. ఇద్దరి దారులూ కలవకుండా ఇంటిని నిలువునా పంచారు. కింద వంట, పైన అతిథుల గది, ఆ పైన పడక గదులు, అన్నిటికన్నా పైన కప్పు కింద పనివాళ్ల పడకలు. ఆడపిల్లలు రోజంతా నీళ్లు, బొగ్గులు, మలమూత్రాల పాత్రలు మోస్తూ ఆ ఇరుకు మెట్లు ఎక్కి దిగేవాళ్లు. స్తంభాల గురించి మాట్లాడినంతసేపు ఆ మెట్ల గురించి కూడా మాట్లాడకపోతే ఈ ఇళ్ల గురించి సగమే చెప్పినట్టు.

ముందున్న పచ్చిక మైదానంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఇళ్ల దగ్గర్నుంచి చూస్తే గడ్డి ఆగకుండా లోయ దాకా సాగిపోతున్నట్టు ఉంటుంది. నిజానికి మధ్యలో ఒక గోడ ఉంది. నేలను ఒక పక్క నిలువుగా తవ్వి, ఆ లోతులో గోడ కట్టారు. పై నుంచి కనపడదు, కింద మేసే పశువులు మాత్రం పైకి ఎక్కి రాలేవు. హా-హా అంటారు దాన్ని. ఈనాటికీ పై గడ్డి ఇళ్లవాళ్లది, కింది గడ్డి అందరిదీ. దిగువనున్న రాయల్ విక్టోరియా పార్కును 1830లో, పదకొండేళ్ల విక్టోరియా యువరాణి తెరిచింది. అలా పార్కు రావడం వల్లే క్రెసెంట్‌కు ఎదురుగా ఇళ్లు లేవకుండా ఆ దృశ్యం దక్కింది.

రాయి సంగతి చెప్పకుండా బాత్ గురించి చెప్పలేం. తేనెరంగు సున్నపురాయి. చుట్టుపక్కల కొండల్లోనే దొరుకుతుంది. గనిలోంచి తీసిన కొత్తలో మెత్తగా, రంపంతో కోసేట్టు ఉంటుంది. లోపలి తడి ఆరే కొద్దీ గట్టిపడుతుంది. ఏ వైపు కోసినా పొరలుగా విడిపోదు, అందుకే అంత నున్నటి గోడలు సాధ్యమయ్యాయి. అయితే గోడలో పెట్టేటప్పుడు గనిలో ఎలా పడుకుని ఉందో అలాగే పడుకోబెట్టాలి. నిలువుగా పెడితే కొన్నేళ్లకు పొట్టు రాలిపోతుంది. ఈ రాయిని వ్యాపారంగా మార్చినవాడు రాల్ఫ్ అలెన్. తపాలా కాంట్రాక్టుల్లో సంపాదించిన డబ్బుతో కూమ్ డౌన్ కొండ మీద గనులు కొని, 1731 నాటికి రాయిని నది దాకా దించడానికి పట్టాల బండి దారి వేయించాడు. లండన్‌లో గ్రీనిచ్ ఆసుపత్రి పనికి ఈ రాయిని ఇవ్వబోతే అక్కడివాళ్లు జున్నుగడ్డతో పోల్చి వెనక్కి పంపారు. దానికి జవాబుగా అలెన్ బాత్‌కు ఎదురుకొండ మీద ప్రయర్ పార్క్ అనే మహల్ కట్టించాడు. గీసింది పెద్ద వుడ్. రాయి ఏం చేయగలదో ఊరందరికీ కనపడేలా. ఆ తవ్వకాల వల్ల కూమ్ డౌన్ గ్రామం కింద నేల డొల్లగా మిగిలిపోయింది. చివరికి 2005, 2010 మధ్య దాన్ని నురగ కాంక్రీటుతో నింపవలసి వచ్చింది.

తేనెరంగు అన్నానా, 20వ శతాబ్దం మధ్యలో తీసిన ఫొటోల్లో చూస్తే క్రెసెంట్ నల్లగా ఉంటుంది. అన్ని చిమ్నీల బొగ్గు పొగ రెండు వందల ఏళ్ల పాటు దాని మీదే పడింది. పొగలోని గంధకం సున్నపురాయితో కలిసి పైన నల్లటి పెంకు కడుతుంది. వాన తగిలే చోట కడుక్కుపోతుంది, పట్టీల కింద, స్తంభాల నెత్తిన పేరుకుపోతుంది. పొగను అదుపు చేసే చట్టం 1956లో వచ్చాకనే, నీళ్లు చల్లి కడిగే పనికి అర్థం ఏర్పడింది. ఇవాళ మనం మెచ్చుకునే ఆ రంగు కొన్ని దశాబ్దాల శుభ్రతా ఫలితం.

ఇంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంగ్లండ్‌లోని భూముల శిస్తు కొంత. వెస్టిండీస్‌లో బానిసల చేత చెరకు పండించిన తోటల లాభాలు కొంత. పక్కనే ఉన్న బ్రిస్టల్ ఆ బానిస వ్యాపారపు రేవు. ఇండియాలో సంపాదించిన డబ్బు కొంత. సర్కస్‌లో 14వ నంబరు ఇల్లు తీసుకున్న మనిషి పేరు మీకు బాగా తెలుసు, రాబర్ట్ క్లైవ్. 1765 ఆగస్టులో మొగలు చక్రవర్తి దగ్గర క్లైవ్ బెంగాల్ దివానీతో, అంటే శిస్తు వసూలు హక్కుతో పాటు ఉత్తర సర్కారులకు కూడా ఫర్మానా రాయించుకున్నాడు. చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి సర్కారులు. 1766 నవంబరులో నిజాంతో ఒప్పందం జరిగింది. 1767 మే నెలలో క్రెసెంట్‌కు మొదటి రాయి పడింది. మన జిల్లాల శిస్తుతోనే ఈ గోడ లేచిందని నేను అనడం లేదు. ఆ లెక్క అలా తేలేది కాదు. కానీ ఆ తరం ఇంగ్లండ్‌లో, ఆ ఊళ్లో, ఖరీదైన ఇంటికి అద్దె కట్టగలిగిన జేబుల్లో మన దేశపు డబ్బు కూడా ఉంది. ఈ తేదీలను పక్కపక్కన పెట్టుకుని చూడటం మనకు అవసరం.

ఉన్నవాళ్లలో ఒకరిద్దరి గురించి. ఇళ్లు సగం లేచేసరికే జనం చేరడం మొదలైంది. 11వ నంబరులో లిన్లీ అనే సంగీత కుటుంబం ఉండేది. కూతురు ఎలిజబెత్ పేరున్న గాయని. 1772లో ఆమె ఆ ఇంట్లోంచి, తర్వాత నాటకకర్తగా పేరు తెచ్చుకున్న షెరిడన్‌తో ఫ్రాన్స్‌కు లేచిపోయింది. వీధిలో ఇంకా రాళ్లు చెక్కుతున్న రోజులవి. మొదట్లో ఈ వరస పేరు ఉత్త క్రెసెంటే. రాజు కొడుకు ఫ్రెడరిక్ ఇక్కడ ఉన్నాక ముందు రాయల్ చేరింది. ఇంకో మనిషి మనకు దగ్గరివాడు, ఐజాక్ పిట్‌మన్. తెనాలి నుంచి వరంగల్ దాకా మన ఊళ్లలో టైపు, షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్లలో ఒక తరం యువకులంతా ఏ గీతలు దిద్ది ఉద్యోగాలు తెచ్చుకున్నారో ఆ గీతల సృష్టికర్త. 1897లో చనిపోయేనాటికి ఆయన నివాసం క్రెసెంట్‌లోనే.

ముందు గోడ ఎప్పుడూ ఒకేలా ఉందనుకోకండి. కిటికీలను దగ్గరగా చూస్తే ఇంటింటికీ తేడా తెలుస్తుంది. 18వ శతాబ్దంలో పెద్ద గాజు పలకలు ఖరీదు. అందుకే చిన్న చిన్న అద్దాలు, మధ్య కొయ్య పుల్లలు. 1845లో గాజు పన్ను, 1851లో కిటికీ పన్ను పోయాక పెద్ద పలకలు చౌకయ్యాయి. అప్పటివాళ్లు పుల్లలు తీసేశారు. మొదటి అంతస్తులో కిటికీల అడుగు గోడను కూడా కోసి కిందికి దించారు, లోయ బాగా కనపడాలని. లీజు షరతులు చేతులు మారే కొద్దీ సడలుతాయి. 1వ నంబరు ఇంట్లో మాత్రం కిటికీలను మళ్లీ పాత ఎత్తుకు తెచ్చారు. దాని పక్క ఇళ్లతో పోల్చి చూడండి, తేడా ఇట్టే తెలుస్తుంది. కిందికి దించిన కిటికీల వల్ల గోడ తేలికగా కనిపిస్తుంది, స్తంభాల కాళ్ల దగ్గర బరువు పోతుంది. నాకు పాత ఎత్తే నచ్చుతుంది.

1942 ఏప్రిల్ చివర్లో జర్మన్ విమానాలు బాత్ మీద బాంబులు వేశాయి. జర్మనీలో ల్యూబెక్ అనే పాత నగరాన్ని బ్రిటన్ తగలబెట్టినందుకు ప్రతీకారం. 400 మందికి పైగా చనిపోయారు. చిన్న వుడ్ కట్టిన అసెంబ్లీ రూమ్స్ అనే నాట్యసభల భవనం లోపల కాలిపోయింది. క్రెసెంట్‌లో 2వ, 17వ నంబరు ఇళ్లు నిప్పు బాంబులకు బూడిదయ్యాయి. యుద్ధం తర్వాత వాటిని తిరిగి కట్టి వరసలో కలిపారు. ఇవాళ ముందు నుంచి చూస్తే ఏ ఇల్లు కాలిందో చెప్పలేరు. ముందు గోడకు, వెనక ఇంటికి వేరువేరు బతుకులు ఉండవచ్చన్న ఆ పాత ఏర్పాటే ఇక్కడ కూడా పనికొచ్చింది.

యుద్ధం తర్వాత ఆ లీజు కాగితం చేసిన పనిని చట్టం అందుకుంది. 1947 చట్టంతో చారిత్రక కట్టడాల జాబితాలు మొదలై, 1950లో క్రెసెంట్ మొదటి శ్రేణిలో చేరింది. 1970లలో 22వ నంబరు ఇంటి యజమానురాలు తలుపుకు పసుపు రంగు వేయించింది. మిగతా తలుపులన్నీ తెలుపు. నగర కౌన్సిల్ రంగు మార్చమని నోటీసులిచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. విచారణ జరిగి తీర్పు ఆమెకే అనుకూలంగా వచ్చింది. ఆ తలుపు ఊరంతటికీ కబురైంది. నేను ఆ తీర్పుతో ఏకీభవిస్తాను. చిన్న వుడ్ షరతు రాతికి, ఎత్తుకు, వరసకు సంబంధించినది. తలుపులన్నీ తెల్లగా ఉండాలన్నది తర్వాత వచ్చిన మర్యాద.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఒక తలుపు రంగు మీద ఇంత పోట్లాట జరిగిన కాలంలోనే, అదే ఊళ్లో, అదే శతాబ్దానికి చెందిన మేస్త్రీల, చిన్న వర్తకుల, కూలీల వరస ఇళ్లను వీధులకు వీధులే కూల్చేశారు. పెద్దింటి వరసలను కాపాడితే చాలు, చిన్నవి పాడుబడ్డాయి, వాటిలో చూడటానికి ఏముంది అన్నారు. క్రెసెంట్‌ను చెక్కిన చేతులు బతికింది ఆ చిన్న ఇళ్లలోనే. జనం గట్టిగా నిరసన తెలిపాక కూల్చివేతలు ఆగాయి గానీ, పోయినవి పోయాయి. 1987లో బాత్ మొత్తం ప్రపంచ వారసత్వ నగరమైంది. అప్పటికి ఆ వీధుల జాగాలో ఫ్లాట్లు ఉన్నాయి. పాత బస్తీలో కొలతలు తీసుకునే విద్యార్థులారా, మీ జాబితాల్లో దేవిడీలతో పాటు వాటి వెనక సందుల్లోని ఇళ్లు కూడా చేర్చండి.

క్రెసెంట్‌లో చాలా ఇళ్లు ఇప్పుడు ఫ్లాట్లుగా విడిపోయాయి. మధ్యలో ఒక హోటల్ ఉంది. 1వ నంబరు ఇల్లు మ్యూజియం. బాత్ ప్రిజర్వేషన్ ట్రస్ట్ దాన్ని 1970లో తెరిచింది. ఆ ఇంటికి చెందిన పనివాళ్ల భాగం మధ్యలో వేరే ఇల్లుగా విడిపోతే దాన్ని తిరిగి కలిపి 2013లో మళ్లీ తెరిచారు. వంటిల్లు, పనివాళ్ల మెట్లు ఇప్పుడు ఇంటితో కలిసి చూడవచ్చు.

మీలో ఎవరైనా అక్కడ చదువుకోవడానికి వెళ్తే ఈ వరసలో నడవండి. క్వీన్ స్క్వేర్ నుంచి గే స్ట్రీట్ ఎక్కండి, సర్కస్ చుట్టూ ఒకసారి తిరగండి, బ్రాక్ స్ట్రీట్ మీదుగా క్రెసెంట్ చేరండి. తర్వాత క్రెసెంట్ లేన్ అనే వెనక సందులోకి వెళ్లి ముప్పై వీపులూ చూడండి. ఓపిక ఉంటే ఊరికి ఇంకో పక్కన ఉన్న క్యామ్‌డెన్ క్రెసెంట్ దాకా వెళ్లండి. 1788 ప్రాంతంలో జాన్ ఈవ్‌లీ అనే ఆర్కిటెక్ట్ మొదలుపెట్టాడు. వంపు, స్తంభాలు, పద్ధతి అన్నీ ఇలాంటివే. నడిమధ్యన త్రికోణపు శిఖరం కూడా పెట్టాడు. కడుతుండగానే తూర్పు కొసన కొండ జారింది. అటు ఇళ్లు లేవలేదు. అందువల్ల నడిమధ్య ఉండాల్సిన శిఖరం ఇప్పుడు ఒక పక్కకు ఉంది. దాని కింద స్తంభాలు లెక్కపెడితే అయిదు వస్తాయి, అంటే సరిగ్గా మధ్యలో ఖాళీ ఉండాల్సిన చోట స్తంభం నిలబడింది. పండితులు దాన్ని తప్పంటారు. నాకు మాత్రం ఆ తెగిన కొస దగ్గర గోడ అంచు చూస్తే, ఒక వరస ఇల్లు ఎలా కడతారో క్రెసెంట్‌లో కంటే బాగా అర్థమైంది. ఆ కొస కొలతల డ్రాయింగ్ తెర మీద పెడుతున్నాను. ప్రశ్నలు దీని మీదే మొదలుపెట్టండి.